ఏటి ఇసుకా, పగడపు ఇసుకా? ఉప్పునీటి ట్యాంకు అడుగున ఏం పరవాలి

మీ ప్రశ్నలు – మా జవాబులు

సముద్రం మనకు దూరం. ఏటి ఇసుక, రోబో ఇసుక, సున్నపురాయి మాత్రం గడప దాటితే దొరుకుతాయి. అందుకే కాబోలు, ఉప్పునీటి అక్వేరియం మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చేపల కంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, ఒక్కోదానికి ఒక్క ఊరి పేరు పెట్టాం.

మాది మిర్యాలగూడ. ఇల్లు కడుతున్నం, గేటు ముందు రెండు ట్రాక్టర్ల ఇసుక పోసి ఉంది. మూడడుగుల ట్యాంకులో క్లౌన్ చేపలు, మెత్తటి పగడాలు పెడదామని ఉంది. ఈ ఇసుకనే బాగా కడిగి వాడితే ఏమైతది? షాపుల కిలోల లెక్కన కొనాల్నా?

కడిగితే మట్టి పోతుంది. పోనివి మూడున్నాయి.

మొదటిది గట్టిదనం. మన ఏటి ఇసుక గ్రానైటు అరిగి వచ్చినది, అందులో ఎక్కువపాలు పలుగురాయి. పలుగురాయి విషమేమీ కాదు. సిలికా ఇసుక వేస్తే గోధుమరంగు నాచు తప్పదని షాపుల్లో అంటారు గానీ, పలుగురాయి నీళ్లలో కరిగేది అత్యల్పం. ఆ నాచుకు సిలికా అందేది ఎక్కువగా మనం పోసే నీళ్ల నుంచే. చిక్కు వేరే చోట ఉంది. మోస్ కొలతలో పలుగురాయి గట్టిదనం 7, ట్యాంకు అద్దానిది 5.5 దగ్గర, అరగొనైట్ ఇసుకది, అంటే షాపుల్లో అమ్మే పగడపు ఇసుకది, 3.5 నుంచి 4. అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్ కింద ఒక్క పలుగు రేణువు ఇరుక్కుంటే చాలు, ఈ మూల నుంచి ఆ మూలకు గీత పడుతుంది. లైటు వేసిన ప్రతిసారీ అది కనబడుతూనే ఉంటుంది.

రెండోది నల్ల గింజలు. చిన్న అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి, ఎండిన ఇసుకలో ఒకసారి తిప్పి తీయండి. కవరు చుట్టూ మీసాల్లా నల్లపొడి నిక్కబొడుచుకుంటుంది. ట్యాంకులో ఆ పొడి సరిగ్గా వెళ్లకూడని రెండు చోట్లకే వెళ్తుంది: అద్దం తుడిచే అయస్కాంతానికి, వేవ్‌మేకర్ (నీళ్లలో ప్రవాహం పుట్టించే పంపు) లోపలి రోటరుకు. రోటరుకు పట్టిన పొడి షాఫ్టును అరగదీస్తుంది. కొన్నాళ్లకు మోటారు గరగరమంటుంది, ఆపైన ఆగిపోతుంది.

మూడోది ఏరు మోసుకొచ్చే సరుకు. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ హైదరాబాద్ మురుగంతా దాటుకుని వస్తుంది. ఇసుక కృష్ణదే అయినా, గేటు ముందు కుప్ప మీద రాత్రిళ్లు కుక్కలు ఏం చేస్తాయో ఇల్లు కట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాక్టరు డీజిలు, పక్కన కలిపిన సిమెంటు వేరే.

మూడడుగుల ట్యాంకుకు కావలసింది 20 కిలోల చిల్లర. అంత మేరకు అరగొనైట్ కొనండి, రెండు ట్రాక్టర్ల ఇసుక గోడలకే పోనివ్వండి. రోబో ఇసుక గురించి అడిగిన వాళ్లకూ ఇదే జవాబు. అది క్రషర్లో పగలగొట్టిన గ్రానైటు కాబట్టి అంచులు ఇంకా పదును, దుమ్ము ఇంకా ఎక్కువ.

హుజూర్‌నగర్: సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయి చిప్స్ మాకు ఊరికే దొరుకుతాయి. పగడానికి కావలసింది కాల్షియమే కదా, అడుగున ఇదే వేస్తే కాల్షియం కూడా అందుతుందా?

అందదు. ఈ ఆశతోనే చాలామంది సున్నపురాయి వైపు చూస్తారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

సున్నపురాయి, పాలరాయి, గవ్వ, పగడపు ఇసుక అన్నీ కాల్షియం కార్బొనేటే. సున్నపురాయిలో అది కాల్సైట్ రూపంలో, పగడపు ఇసుకలో అరగొనైట్ రూపంలో ఉంటుంది. సరిగ్గా నడుస్తున్న ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ 8.0 నుంచి 8.3 ఉంటుంది. ఆ నీళ్లలో కాల్షియం కార్బొనేట్ అప్పటికే కరగగలిగిన దానికంటే ఎక్కువ ఉంటుంది, కొత్తగా కరగడానికి చోటుండదు. అరగొనైట్ కరగాలంటే పీహెచ్ సుమారు 7.7 కిందికి దిగాలి, కాల్సైట్ అంతకంటే మొండిది. కాల్షియం రియాక్టర్ వాడేవాళ్లు అందులోకి కార్బన్ డయాక్సైడ్ పంపి పీహెచ్‌ను 6.5–6.8కి దించేది అరగొనైట్‌ను కరిగించడానికే. ట్యాంకు అడుగున పడి ఉన్న రాయికి ఆ పరిస్థితి రాదు. ఇసుక లోతుల్లో కొంత కరిగినా, పగడం లాక్కునే దాని ముందు అది లెక్కలోకి రాదు. కాల్షియం 420 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల నిల్వ) 8–9 డీకేహెచ్, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర నిలబెట్టాలంటే నీళ్లు మార్చాలి, లేదా విడిగా డోసు వేయాలి. ఇసుకను నమ్ముకుని టెస్ట్ కిట్ కొనకుండా ఉండొద్దు.

ఇక చిప్స్ విషయానికొస్తే, సిమెంటు సున్నపురాయిలో బంకమట్టి, సిలికా, ఇనుము కలిసే ఉంటాయి. సిమెంటుకు అవన్నీ కావాలి, మీకు వద్దు. అంచులు పదును. రంగు బూడిద. ఊరికే వచ్చినా వద్దు.

షాద్‌నగర్: కోళ్ల దాణా షాపుల్లో గుడ్లు పెట్టే కోళ్లకు వేసే గుల్ల (షెల్ గ్రిట్) బస్తా చవగ్గా వస్తుంది. అది సముద్రపు గవ్వే కదా?

ఈ ఆలోచన మెచ్చుకోదగ్గదే. నిజమైన గవ్వ గ్రిట్ అయితే రసాయనపరంగా ట్యాంకుకు పడుతుంది. అయినా మూడు చిక్కులున్నాయి. గుల్ల బల్లపరుపు ముక్కలుగా పగులుతుంది, ఒకదాని మీద ఒకటి పేర్చుకుని మధ్యలో మేత, రెట్ట ఇరుక్కుంటాయి. ఇసుకలో దూరే చేపకు, ఇసుక నోట్లో వేసుకుని జల్లించే గోబీ చేపకు ఆ అంచులు కోసుకుంటాయి. రెండు, గ్రిట్ పేరుతో రాతి గ్రిట్, అంటే పగలగొట్టిన సున్నపురాయి కూడా అమ్ముతారు.

మూడోది అసలైనది. దాణా షాపులో గుల్ల బస్తా పక్కనే డీసీపీ బస్తా ఉంటుంది. డీసీపీ అంటే డైకాల్షియం ఫాస్ఫేట్. రెండిటికీ ఒకే చాట, ఒకే తక్కెడ, ఒకే నేల. పగడాల ట్యాంకులో ఫాస్ఫేట్‌ను లీటరుకు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంచడానికి నానా తంటాలు పడతాం, గుప్పెడు డీసీపీ కలిసిన ఇసుక దాన్ని ఒక్కరోజులో చెడగొడుతుంది. పైగా కార్బొనేట్ రాళ్లు ఫాస్ఫేట్‌ను ఒంటికి పట్టించుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతాయి. నీళ్లు ఎన్నిసార్లు మార్చినా కిట్‌లో రంగు మళ్లీ తేలుతుంది.

నల్లగొండ: సంక్రాంతికి సూర్యలంక పోతున్నాం. సముద్రపు ఇసుకే తెచ్చుకుంటే సరిపోదా? రామేశ్వరం పోయిన మా బావ తెల్లటి పగడపు ముక్కలు కూడా తెచ్చిండు.

బావగారు తెచ్చిన ముక్కలతో మొదలుపెడదాం. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, 2001లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క తీసుకున్నా నేరమే. ట్యాంకులో రాళ్లు కావాలంటే మనుషులు చేసిన సిరామిక్ రాళ్లు, సిమెంటు–అరగొనైట్ రాళ్లు దొరుకుతాయి, అవి చాలు.

సముద్రపు ఇసుక అన్నంత మాత్రాన పగడపు ఇసుక కాదు. ఆంధ్రా తీరంలో పగడపు దిబ్బలు లేవు. అక్కడి ఇసుక కృష్ణా, గోదావరి, ఇతర నదులు మోసుకెళ్లి పోసినదే, అంటే మళ్లీ పలుగురాయి. దానికి తోడు ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలు కలుస్తాయి. తడి ఇసుక మీద అల వెనక్కి పోయినప్పుడు నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, అవే. తీరంలో ఇసుక తవ్వకానికి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు అడ్డు. సూర్యలంక పోయి స్నానం చేసి రండి.

నాగర్‌కర్నూల్: హైదరాబాద్‌లో ఒక షాపులో "ఇంపోర్టెడ్ కోరల్ శాండ్" అని పేరులేని ప్లాస్టిక్ కవరులో 10 కిలోలు కట్టి ఇచ్చారు. అసలుదో కాదో ఇంట్లో ఎట్లా తెలుసుకోవాలి?

పేరులేని కవరు తీసుకోకుండా ఉంటే బాగుండేది. కొన్నాక చేయగలిగినవి ఇవి.

వెనిగర్ పరీక్ష: పావు చెంచా ఇసుకకు కిరాణాలో దొరికే తెల్ల వెనిగర్ అర గ్లాసు. ఇసుక ఎక్కువేసి వెనిగర్ తక్కువ పోస్తే ఆమ్లం అయిపోయి నురగ ఆగుతుంది, మీరేమో "కరగలేదు" అనుకుంటారు. అసలు సరుకైతే వెంటనే బుసబుస పొంగుతుంది, ఒకటి రెండు రోజుల్లో దాదాపు మొత్తం కరిగి కాస్త మడ్డి మిగులుతుంది. పలుగురాయి కలిపి ఉంటే గ్లాసు అడుగున చెక్కుచెదరకుండా ఉంటుంది. బాత్రూం యాసిడ్‌తో ఈ పని చేయకండి. పొగ కళ్లకు, ఊపిరికి చేటు.

ఈ పరీక్ష పాలరాతి పొడిని మాత్రం పట్టుకోలేదు, అదీ పొంగుతుంది. దానికి భూతద్దం కావాలి. ఫోను కెమెరాను దగ్గరికి జూమ్ చేసినా సరే. చిటికెడు ఇసుక నల్ల కాగితం మీద పోసి చూడండి. పాలరాయి అయితే ప్రతి గింజా పలకలు పలకలుగా, కల్లుప్పులా తళుక్కుమంటుంది. పగడపు ఇసుక మెరవదు, సుద్దలా ఉంటుంది. గింజల్లో సూదిమొన రంధ్రాలు, విరిగిన గవ్వల వంపులు, చుట్టలు తిరిగిన బుల్లి గుల్లలు కనిపిస్తాయి. ఊలైట్ అనే రకమైతే బహమాస్ దీవుల దగ్గర లోతులేని సముద్రంలో ఏర్పడినది, నునుపుగా, గుండ్రంగా బుల్లి ముత్యాల్లా ఉంటుంది.

చివరిది నానబెట్టే పరీక్ష. కప్పు ఇసుక కడిగి, లీటరు టీడీఎస్ సున్నా (కరిగిన లవణాలేవీ లేని) నీళ్లలో ప్లాస్టిక్ డబ్బాలో 48 గంటలు మూతపెట్టి ఉంచి, ఆ నీళ్లలో ఫాస్ఫేట్ చూడండి. 0.1 దాటితే తిరిగి ఇచ్చేయండి. రంగు వేసిన ఇసుకైతే ఈ నీళ్లే రంగు తేలి చెప్పేస్తాయి.

కరీబ్‌సీ వంటి కంపెనీ బస్తా అయితే ఇంత తతంగం అక్కర్లేదు. బరువు పౌండ్లలో ఉంటుంది, 20 పౌండ్లంటే 9 కిలోలు, 40 అంటే 18. 20 పౌండ్ల బస్తాను 20 కిలోల ధర చెప్పి అంటగట్టే చోట జాగ్రత్త.

మహబూబ్‌నగర్: ట్యాంకు 90 × 45 × 45 సెంటీమీటర్లు. ఏ సైజు రేణువు, ఎంత మందం, ఎన్ని కిలోలు?

ముందు లెక్క. పొడవు, వెడల్పు, ఇసుక మందం మూడూ సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఎండు అరగొనైట్ లీటరుకు ఇంచుమించు కిలోన్నర. మీకు 4 సెంటీమీటర్ల మందం అనుకుంటే 90 × 45 × 4 = 16,200, అంటే 16.2 లీటర్లు, 24 కిలోలు. రాళ్లు ఆక్రమించే చోటు తీసేస్తే 20–22 సరిపోతుంది. మిగిలింది డబ్బాలో దాచండి, గొట్టంతో మడ్డి పీల్చే సైఫన్‌తో ఏడాదికి కొంత ఇసుక పోతూనే ఉంటుంది.

రేణువు సైజు తేల్చేది మీ చేపలు, మీ వేవ్‌మేకరు. అర మిల్లీమీటరు ఇసుక, అంటే బొంబాయి రవ్వ అంత సన్నం, చూడ్డానికి పట్టులా ఉంటుంది. ఇసుక జల్లించే గోబీలకు, రాత్రి ఇసుకలో దూరి పడుకునే హాలికోరస్ జాతి రాస్ చేపలకు అదే హాయి. కానీ వేవ్‌మేకర్ వేగం పెంచారో, ఒక మూల గాజు తేలి మరో మూల దిబ్బ లేస్తుంది. ఎగిరిన రవ్వ పగడాల మీద పడితే కణజాలం చచ్చిపోతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లది, ఆవాల సైజు, చాలామందికి మధ్యేమార్గం: అంత తేలిగ్గా ఎగరదు, సైఫన్ చేయడం సులువు. మీకు ఇదే చెప్తాం. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల జొన్నగింజ సైజు "కోరల్ చిప్స్" షాపుల్లో ఎక్కువ దొరుకుతాయి, చవక కూడా. వద్దు. మేత ముక్కలు గింజల సందుల్లోకి జారి అక్కడే కుళ్లి నైట్రేట్ ఎక్కుతుంది, పైనుంచి చూస్తే ఇసుక శుభ్రంగానే ఉంటుంది.

మందం రెండే రకాలుగా ఆలోచించండి. మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు పలుచటి పొర: నీళ్లు మార్చేటప్పుడు వంతులవారీగా సైఫన్ చేసుకోవచ్చు. లేదా సన్న రవ్వతో పది పన్నెండు సెంటీమీటర్లు దాటిన లోతు పొర: అడుగున ప్రాణవాయువు లేని చోట బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మారుస్తుంది, దాన్ని కదపకూడదు. మధ్యలో ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగితే రెండు లాభాలూ పోతాయి: సైఫన్‌కు మరీ లోతు, నైట్రేట్ పనికి మరీ పలుచన. ఇసుకలో గుంట తవ్వుకుని ఉండే జాఫిష్ పెంచాలనుకునే వాళ్లకు మాత్రం ఒక మూల పది సెంటీమీటర్ల పైన, సన్నవీ లావువీ కలిపి పోయాలి. గుంట తవ్వితే కూలకుండా నిలవాలి కదా. లోతు ఇసుక పెట్టేవాళ్లు కరెంటు కోతను కూడా లెక్కలో వేసుకోవాలి. నీళ్లు ఆగిన మరుక్షణం నుంచి ఇసుకలోని బాక్టీరియా ఉన్న ప్రాణవాయువునంతా తాగేస్తుంది. ఎండాకాలం వేడి నీళ్లలో అది అసలే తక్కువ. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి చేతికందేలా ఉంచండి.

ఇసుక కంటే ముందు రాళ్లు. రాళ్లను అడుగు అద్దం మీదే నిలబెట్టి, కదిపి చూసి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద పేర్చిన రాళ్ల కిందకు పిస్టల్ రొయ్య సొరంగం తవ్వితే ఒక అర్ధరాత్రి అద్దం పగిలిన చప్పుడు వింటారు.

దేవరకొండ: అసలు ఇసుక లేకుండా పెడితే?

పెట్టొచ్చు. గట్టి ప్రవాహం కావాల్సిన చెట్టు కొమ్మల పగడాలు పెంచేవాళ్లు కావాలనే ఖాళీ గాజు ఉంచుతారు, మడ్డి కనబడిన చోట పీల్చేయొచ్చు. బాక్టీరియాకు రాళ్లు సరిపోయేంత ఉండాలి. హాలికోరస్ చేపలు మాత్రం కొనొద్దు, పడుకోవడానికి చోటుండదు. ఆ చేపే కావాలంటే ఒక గాజు పళ్లెంలో ఐదారు సెంటీమీటర్ల సన్న ఇసుక పోసి మూల పెట్టండి.

వనపర్తి: "లైవ్ శాండ్" అని తడి బస్తాలు అమ్ముతున్నారు. ఎండు ఇసుకకు అంత తేడా డబ్బు పెట్టాలా?

మా ఉద్దేశం అడిగితే, మన ప్రాంతానికి అక్కర్లేదు. బస్తాలో నిజంగానే బాక్టీరియా ఉంటుంది, కానీ సంచి గడువు, ఓడలో నెలలు, గోడౌన్ వేడి, ఆపైన మే నెలలో బస్సు డిక్కీలో వనపర్తి దాకా ప్రయాణం: ఇన్ని దాటి ఎంత బతికిందో సంచి మీద రాసి ఉండదు. బరువులో కొంత నీళ్ల బరువు. అందుకే కిలో లెక్కన చూస్తే ఇంకా ఖరీదు.

ఎండు ఇసుక, సీసాలో వచ్చే నైట్రిఫయింగ్ (అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే) బాక్టీరియా, కొంచెం ఓపిక చాలు. ఏ ఇసుక వేసినా పరీక్ష ఒకటే. అమ్మోనియాను 2 పీపీఎంకు పెంచండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే చేప వేయొచ్చు. మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. "లైవ్ శాండ్ వేశాం, రేపే చేపలు వేయండి" అనే షాపు మాట వినకండి.

తెలిసినవాళ్ల పాత ట్యాంకు నుంచి ఒక గ్లాసు పై ఇసుక తెచ్చి చల్లడం మంచి ఉపాయమే. అయితే తెల్లమచ్చల జబ్బు పరాన్నజీవి గూడు కట్టుకునేది ఇసుకకే, రాళ్లకే. వాళ్ల ట్యాంకులో రెండు మూడు నెలలుగా కొత్త చేప రాలేదని, జబ్బు లేదని తెలిస్తేనే తెచ్చుకోండి.

మర్రిగూడ: మాది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం. బోరు నీళ్లతో ఇసుక కడగొచ్చా? కడిగి వేసినా మూడు రోజులుగా నీళ్లు తెల్లగా ఉన్నాయి, పటిక వేస్తే తేటపడతాయా?

కడగడానికి బోరు నీళ్లు పర్వాలేదు, చివరి రెండు కడుగులు మాత్రం శుద్ధి చేసిన నీళ్లతో కానివ్వండి. ఒక విశేషం: సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, తాగునీటి గరిష్ట పరిమితి 1.5కు దగ్గరగా. కాబట్టి ఇసుకకు అంటుకున్న చెమ్మలోని ఫ్లోరైడ్‌తో భయం లేదు. ట్యాంకులో నింపడానికీ, ఆవిరైన నీటిని భర్తీ చేయడానికీ మాత్రం బోరు నీళ్లు వద్దే వద్దు. మన ఎండలకు ట్యాంకు నుంచి రోజూ లీటర్ల కొద్దీ నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, అందులోని ఫ్లోరైడ్, సిలికా, నైట్రేట్ అక్కడే ఉండిపోయి రోజురోజుకూ చిక్కబడతాయి. వాటర్ ప్లాంట్ డబ్బా నీళ్లు, ఇంటి ఆర్వో నీళ్లు కూడా నేరుగా పనికిరావు. రుచి కోసం అందులో కొంత పచ్చి నీళ్లు కలుపుతారు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం పెట్టి టీడీఎస్ 0 వచ్చేలా చూసుకోవాలి.

కడిగే పద్ధతి: 15 లీటర్ల బకెట్‌లో మూడోవంతు, అంటే ఏడెనిమిది కిలోలు మాత్రమే వేయండి. నీళ్లు పోసి మోచేతి దాకా ముంచి అడుగు నుంచి తిప్పి, పది లెక్కపెట్టి తెల్ల నీళ్లు ఒంచేయండి. మొదట పాలలా వస్తాయి, తర్వాత బియ్యం కడుగులా, ఆ తర్వాత పలుచటి మజ్జిగలా. అడుగున మీ చేతి గోళ్లు కనబడే దాకా, పది పన్నెండు సార్లు. బస్తా మొత్తం ఒకేసారి టబ్బులో పోసి కడిగేవాళ్లకు అడుగు సగం ఎప్పుడూ కడగబడదు. నీళ్లు ఇంకా తెల్లగా ఉండటానికి ఎక్కువసార్లు ఇదే కారణం. లైవ్ శాండ్ అయితే కడగొద్దు.

పటిక వద్దు. మన ఇళ్లలో బురద నీళ్లు తేటపరిచే అలవాటే గానీ, పటిక అంటే అల్యూమినియం. మెత్తటి పగడాలు దానికి ముడుచుకుపోతాయి. పేరులోనే నల్లగొండ ఉన్న ఫ్లోరైడ్ శుద్ధి పద్ధతిలోనూ పటిక, సున్నం వాడతారు; అలా శుద్ధి చేసిన నీళ్లనూ ట్యాంకులో నేరుగా పోయకూడదు. ఇప్పుడు చేయాల్సింది: ఫిల్టర్‌లో సన్నని దూది లేదా ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) పెట్టి, రోజుకు రెండుసార్లు మార్చండి, వేవ్‌మేకర్ పైకి తిప్పండి. మూడు నాలుగు రోజుల్లో తేటపడుతుంది. ఈలోగా రాళ్ల మీద పేరుకున్న తెల్లపొడిని చిన్న పంపుతో ఊదేయండి, లేకపోతే అక్కడే గట్టిపడుతుంది. ఇంకోసారి నీళ్లున్న ట్యాంకులో ఇసుక పోయాల్సి వస్తే పీవీసీ పైపు అడుగుదాకా దించి, అందులోంచి కొద్దికొద్దిగా జారవిడవండి.

సూర్యాపేట: ఇసుక వేసి నెల. తెల్లటి ఇసుక గోధుమరంగుకు తిరిగింది. ఇసుక చెడ్డదా?

చాలావరకు ఇసుక తప్పుండదు. ముందు అది ఏమిటో తేల్చండి. పొడిలా, వేలితో తుడిస్తే ధూళిలా లేచేది డయాటమ్, అంటే మొదట చెప్పిన గోధుమరంగు నాచు. కొత్త ట్యాంకులో మామూలే, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. పోకపోతే డీఐ రెజిన్ మార్చండి. రెజిన్ అరిగేటప్పుడు అన్నిటికంటే ముందు జారిపోయేది సిలికానే, అప్పటికి మీటరు ఇంకా 0 చూపిస్తూనే ఉంటుంది. ముదురు ఎరుపు దుప్పటిలా లేచొచ్చేది సయనో బాక్టీరియా. మేత తగ్గించి, ప్రవాహం అందని మూలకు వేవ్‌మేకర్ తిప్పాలి.

భయపడాల్సింది చీమిడిలా తీగలు సాగి, కొసల్లో గాలిబుడగలు పట్టుకుని, పగలు పెరిగి రాత్రికి తగ్గే రకానికి. అది డైనోఫ్లాజెలేట్ అనే సూక్ష్మజీవి. సీసాలో కొంచెం తీసి బాగా కుదిపి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లను గంటసేపు లైటు కింద పెట్టండి. మళ్లీ ముద్దగా, తీగలుగా కూడితే అదే. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో ఇది చెలరేగుతుంది. కాబట్టి ఇక్కడ శుభ్రం చేయాలన్న తొందర పనికిరాదు. నీళ్లు మార్చడం ఆపి, నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.05–0.1 వచ్చేలా పెంచాలి. యూవీ దీపం కొన్ని జాతులకు పని చేస్తుంది. ఆంఫిడినియం అనే జాతి ఇసుకను వదిలి పైకి రాదు, దానికి యూవీ దండగ.

జడ్చర్ల: రెండేళ్ల ట్యాంకు. ఇసుకలో అడుగున నల్లచారలు, కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. వచ్చే నెల హైదరాబాద్‌కు ఇల్లు మారుతున్నాం, ఇసుకతో సహా తీసుకుపోవచ్చా?

నలుపు ఐరన్ సల్ఫైడ్, అది అక్కడే ఉన్నంతవరకు హాని లేదు. వాసన హైడ్రోజన్ సల్ఫైడ్, అది నీళ్లలో కలిస్తే చేపలు గంటల్లో పోతాయి. పాత ఇసుకలో పేరుకున్న మడ్డి కదిలితే అమ్మోనియా కూడా లేస్తుంది. ఇల్లు మారేటప్పుడు చేపలు చచ్చాయంటే ప్రయాణం కంటే ఎక్కువసార్లు ఈ కదిపిన ఇసుకే కారణం.

ఇసుక తీసుకుపోకండి. చేపలనూ పగడాలనూ రాళ్లనూ ముందు బయటికి తీసి, పైనున్న తేట నీళ్లు సగం డబ్బాల్లో పట్టుకోండి. ఆ తర్వాతే ఇసుక జోలికి వెళ్లండి. పై సెంటీమీటరు పొర నుంచి రెండు గ్లాసుల ఇసుక విడిగా తీయండి, దానికి వాసన ఉండకూడదు. మిగతాది పారేయండి. ధర చూసి మనసొప్పకపోతే కుళాయి నీళ్లతో అన్నం తినే పళ్లెమంత శుభ్రంగా కడిగి ఎండబెట్టి, కొత్త ఇసుకలా మొదటి నుంచి వాడండి. కొత్తింట్లో కడిగిన ఇసుక పోసి, పై నుంచి ఆ రెండు గ్లాసులు చల్లండి. వారం పాటు మేత సగం వేసి, రోజూ అమ్మోనియా చూడండి. 0.25 చూపించినా నీళ్లు మార్చడానికి ఉప్పు కలిపిన 40 లీటర్లు ముందే సిద్ధంగా పెట్టుకోండి. సామాను లారీ దిగిన రాత్రి ఆర్వో నీళ్లు పట్టుకుంటూ కూర్చోలేరు.